మంచు మీద హాకీ: కెనడాలో మా మనవరాలు ఆడే ఊరి అరీనా ఎలా ఉందంటే

కావలిలో కాలేజీ గ్రౌండులో నడవడానికి వచ్చేవాళ్ళు ఈ మధ్య నన్ను ఎక్కువగా అడిగేది ఇదే. "టీచరమ్మా, మావాడు కెనడాలో పిల్లోణ్ణి ఐస్ హాకీలో వేస్తానంటున్నాడు, వెయ్యచ్చా? దెబ్బలు తగలవా? డబ్బులు ఎంతవుతాయంట?" మన నెల్లూరు, ఒంగోలు వైపు కెనడాలో పిల్లలున్న ఇళ్ళు బాగా పెరిగాయి కాబట్టి అందరికీ ఒకేసారి పనికొచ్చేలా రాస్తున్నాను. నేను జిల్లా పరిషత్ హైస్కూళ్ళలో పీఈటీగా చేసి రిటైరయ్యాను. ఆడపిల్లలకి మట్టి గ్రౌండు మీద మన హాకీ నేర్పించాను, ఎస్జీఎఫ్ (స్కూల్ గేమ్స్) సెలక్షన్లకి బస్సుల్లో వెంటబెట్టుకుని తిరిగాను. పోయిన చలికాలం ఒంటారియోలో మా అమ్మాయి ఇంట్లో ఉన్నాను. మా మనవరాలికి ఎనిమిదేళ్ళు, ఆ ఊరి అరీనాలో, అంటే మంచు గ్రౌండు ఉన్న కప్పు వేసిన స్టేడియంలో, హాకీ ఆడుతుంది. ప్రాక్టీసు అయినా మ్యాచ్ అయినా నేను కూడా వెళ్ళి కూర్చునేదాన్ని, పిల్ల కన్నా ఎక్కువగా కోచ్‌లనే చూసేదాన్ని.

అసలు సంగతి ముందే చెప్పేస్తాను. హౌస్ లీగ్‌లో (సెలక్షన్ లేకుండా చేర్చుకుని ఊళ్ళోనే ఆడించే టీములు) అయితే ధైర్యంగా వెయ్యండి, చిన్నపిల్లలకి అంత మంచి శిక్షణ నా సర్వీసులో ఎక్కడా చూడలేదు. రెప్ టీములని ఉంటాయి, సెలక్షన్ పెట్టి ఊరి తరఫున వేరే ఊళ్ళకి తీసుకుపోయి ఆడిస్తారు, వాటి జోలికి మాత్రం తొందరపడి పోవద్దు. అరీనాకి ఐదుకి నాలుగు మార్కులు.

టొరంటోకి పడమరగా, కారులో గంట పైన పట్టే మామూలు ఊరు అది. అరీనా మున్సిపాలిటీది. ఒకే కప్పు కింద రెండు రింకులు, అంటే మంచు గ్రౌండులు, పక్కనే లైబ్రరీ, ఈత కొలను. రింకు 200 అడుగుల పొడవు, 85 అడుగుల వెడల్పు, అంటే టీవీలో వచ్చే పెద్ద ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌హెచ్ఎల్ వాళ్ళు ఆడే కొలతే. లోపలికి పోగానే గోడకి స్క్రీన్ ఉంటుంది, ఏ రింకు ఏ గంటలో ఎవరిదో అందులో ఉంటుంది. తెల్లవారుజామున పిల్లల ప్రాక్టీసు, పగలు పెద్దవయసు వాళ్ళ స్కేటింగు, మధ్యాహ్నం బడిపిల్లలు, సాయంత్రం ఫిగర్ స్కేటింగు, ఆడపిల్లల హాకీ, రాత్రి పదింటికి ఉద్యోగాలు చేసుకునే మగవాళ్ళ టీములు. వారాంతంలో కాసేపు అందరికీ తెరుస్తారు, టికెట్టు కాఫీ ఖరీదు కన్నా పెద్దగా ఎక్కువ ఉండదు. గేటు దగ్గర "మీరు ఎవరి తాలూకు" అని అడిగే మనిషి లేడు. నాకు అన్నిటికన్నా ముందు నచ్చింది ఇది.

మంచు ఎలా నిలుస్తుందో అక్కడ పనిచేసే ఒకాయన ఓపికగా చెప్పాడు. అడుగున సిమెంటు గచ్చు, దాని లోపల పైపులు, పైపుల్లో చల్లబరిచిన ఉప్పునీళ్ళు తిరుగుతుంటాయి. ఆ ఉప్పునీళ్ళని చల్లబరిచేది అమ్మోనియా ప్లాంటు. ఇది మన సముద్రం వైపు ఊళ్ళల్లో చేపలకీ రొయ్యలకీ ఐసు దిమ్మలు చేసే ఫ్యాక్టరీ పద్ధతే, కాబట్టి మనవాళ్ళకి కొత్తగా చెప్పక్కర్లేదు. గచ్చు మీద నీళ్ళు పలచగా పొరలు పొరలుగా పోసి, తెల్ల రంగు వేసి, గీతలు గీసి, మళ్ళీ నీళ్ళు పోసి గడ్డకట్టిస్తారు. మొత్తం మందం అంగుళం, అంగుళంన్నర అంతే. ఆటకీ ఆటకీ మధ్య ఒక బండి వచ్చి పై పొర చెక్కేసి, వేడినీళ్ళు పరుచుకుంటూ పోతుంది, రెండు మూడు చుట్లు తిరిగేసరికి రింకు అద్దం. 1949లో ఫ్రాంక్ జాంబోనీ అనే ఆయన కాలిఫోర్నియాలో తయారుచేశాడు కాబట్టి అందరూ దాన్ని జాంబోనీ అనే పిలుస్తారు. ఒంటారియోలోనే ఎల్మైరా అనే ఊళ్ళో ఒలింపియా అని ఇంకో రకం బండ్లు తయారవుతాయి. ఒక మాట మాత్రం గుర్తుపెట్టుకోండి, ప్లాంటు గది వైపు పిల్లల్ని ఆడుకోనివ్వద్దు. 2017లో బ్రిటిష్ కొలంబియాలోని ఫెర్నీ అరీనాలో అమ్మోనియా లీకై ముగ్గురు పనివాళ్ళు చనిపోయారు. మా అరీనాలో ఆ తలుపుకి ఎప్పుడూ తాళం, హెచ్చరిక బోర్డు ఉంటాయి, నేను పోయి చూసి వచ్చాను.

ఇట్లాంటి అరీనాలు ఆ దేశంలో చిన్న చిన్న ఊళ్ళల్లో కూడా ఉంటాయి. 1967లో దేశానికి నూరేళ్ళు నిండినప్పుడు కట్టించుకున్న ఊళ్ళు చాలా ఉన్నాయి, అవి ఇప్పుడు పాతబడి కప్పులు కారుతున్నాయి, ప్లాంట్లు మార్చాల్సి వస్తోంది. 2006 నుంచి క్రాఫ్ట్ హాకీవిల్ అని ఒక పోటీ నడుస్తోంది, ఊరంతా కలిసి మా అరీనా మాకెంత ముఖ్యమో చెప్పుకుని ఓట్లు తెచ్చుకోవాలి, గెలిచిన ఊరికి అరీనా బాగుచేసుకోవడానికి 2,50,000 డాలర్లు ఇస్తారు. గుడి జీర్ణోద్ధరణకి మన ఊళ్ళు కదిలినట్టు అక్కడ అరీనాకి కదులుతారు.

సామాను విషయానికి వస్తాను, ఎందుకంటే మనవాళ్ళకి మొదట గుండె ఆగేది అక్కడే. స్కేట్లు, ముందు జాలీ ఉన్న హెల్మెట్, మెడ చుట్టూ పట్టీ, భుజాలకీ మోచేతులకీ మోకాళ్ళకీ ప్యాడ్లు, గ్లవ్స్, దళసరి నిక్కరు, నోట్లో పెట్టుకునే గార్డు, స్టిక్, దానికి చుట్టే టేపు. అన్నీ కొత్తవి కొంటే చాలా అవుతుంది, అవసరం కూడా లేదు. ఏడాదిలో పిల్ల ఎదిగిపోతుంది కాబట్టి సెకండ్ హ్యాండ్ సామాను శుభ్రమైనది బోలెడు దొరుకుతుంది, మా అల్లుడు ప్యాడ్లన్నీ అట్లాగే కొన్నాడు. హెల్మెట్ మాత్రం కొత్తదే కొనండి, సీఎస్ఏ (అక్కడి భద్రతా ప్రమాణాల) ముద్ర ఉందో లేదో చూడండి. స్కేట్లు బూటు సైజు కన్నా ఒకటి, ఒకటిన్నర తక్కువ ఉండాలి, పెరిగే పిల్లలు కదా అని మనవాళ్ళు పెద్ద సైజు తీసుకుంటారు, అట్లా తీసుకుంటే చీలమండ నిలవదు, పిల్ల నేర్చుకోదు. బ్లేడుకి పదును పెట్టించడం కూడా తెలుసుకోవాలి, అది కత్తిలాగా ఒకే అంచు కాదు, మధ్యలో చిన్న గాడి పెట్టి రెండు వైపులా రెండు అంచులు తీస్తారు, ఆ అంచుల మీదే పిల్ల తిరగడం, ఆగడం అన్నీ. అసలు ఆట నచ్చుతుందో లేదో తెలియనివాళ్ళకి ఫస్ట్ షిఫ్ట్ అని ఒక ప్రోగ్రాం ఉంది, ఒక ఫీజు కడితే తల నుంచి కాలి దాకా సామాను, కొన్ని వారాల శిక్షణ రెండూ వస్తాయి, అక్కడి నుంచి మొదలుపెట్టడం మంచిది. డబ్బుకి ఇబ్బంది ఉంటే జంప్‌స్టార్ట్, కిడ్‌స్పోర్ట్ లాంటి సంస్థలు ఫీజులో సాయం చేస్తాయి, అడగడానికి మొహమాటపడద్దు.

ఇక శిక్షణ. నా మనసు నిండింది ఇక్కడే. మొదట నేర్పేది పడటం, లేవటం. మోకాళ్ళ మీదికి రావాలి, ఒక కాలు ముందు పెట్టాలి, రెండు చేతులూ ఆ మోకాలి మీద ఆనించి లేవాలి. పదిసార్లు పడేసి పదిసార్లు లేపుతారు, దాంతో భయం పోతుంది. ఆ తర్వాత రింకుని నాలుగైదు ముక్కలు చేసి ఒక్కో ముక్కలో ఒక్కో పని పెడతారు. ఒకచోట ఒంటికాలి మీద జారడం, ఒకచోట ఆగడం, ఒకచోట పక్ (బంతికి బదులు వాడే రబ్బరు బిళ్ళ) తోసుకుంటూ కోన్ల మధ్య తిరగడం, ఒకచోట ఇద్దరూ ముగ్గురూ చిన్న ఆట. కొన్ని నిమిషాలకోసారి విజిల్, గుంపులు మారతాయి. ముప్ఫైమంది పిల్లలున్నా వంతు కోసం లైన్లో నిలబడిన పిల్ల ఒక్కతీ లేదు. డ్రిల్లు పీరియడులో అరవైమంది పిల్లల్నీ ఒక బంతినీ ఇస్తే ఏమవుతుందో నాకు తెలుసు కాబట్టి ఇది ఎంత ఆలోచించి చేసిన పనో నాకు బాగా కనిపించింది. కోచ్‌లు జీతగాళ్ళు కారు, ఎక్కువమంది ఆ పిల్లల తల్లిదండ్రులే. కోచింగ్ క్లాసులు పూర్తి చేసి, పోలీసుల దగ్గర నుంచి సర్టిఫికెట్ తెచ్చుకుంటేనే పిల్లల దగ్గరికి రానిస్తారు.

ఈ వయసు పిల్లలకి మ్యాచ్‌లు కూడా సగం రింకులోనే. ఆ దేశంలో హాకీని నడిపే సంస్థ హాకీ కెనడా 2017లో మరీ చిన్నవాళ్ళకి, తర్వాత ఎనిమిదేళ్ళ దాకా ఉన్నవాళ్ళకి దీన్ని తప్పనిసరి చేసింది. పెద్ద రింకులో వేస్తే బలంగా స్కేట్ చేసే పిల్లాడు ఒక్కడే పక్ తీసుకుని పోతాడు, మిగతావాళ్ళు వెనకాల తిరుగుతారు. స్థలం తగ్గిస్తే ప్రతి పిల్ల స్టిక్‌కీ పక్ తగులుతుంది. మామూలు పక్ ఆరు ఔన్సుల దాకా బరువుంటే వీళ్ళకి ఇచ్చే నీలంరంగు పక్ నాలుగు ఔన్సులే, పసి మణికట్టుకి సరిపోతుంది. నేను చూసిన మ్యాచ్‌ల్లో స్కోరు బోర్డు కూడా వెయ్యలేదు. హారన్ మోగుతుంది, రింకులో పిల్లలు బయటికి, బయట పిల్లలు లోపలికి, గోల్ కొట్టే పిల్లకీ ఇంకా తూలుతున్న పిల్లకీ ఒకటే టైము. "గెలిచామా ఓడామా అమ్మమ్మా?" అని మా పిల్ల కారులో అడిగితే వాళ్ళ నాన్న "నువ్వు ఇవాళ వెనక్కి స్కేట్ చేశావు" అన్నాడు, అది విని పిల్ల ముఖం వెలిగిపోయింది. మా అల్లుడు ఒంగోలు పిల్లాడు, చదువుకునే రోజుల్లో మార్కుల టెన్షన్ బాగా పడినవాడు, ఆ మాట అతని నోటి నుంచి రావడం నాకు చాలా సంతోషం.

ఆడపిల్లల గురించి ప్రత్యేకంగా చెప్పాలి. చిన్నప్పుడు మగపిల్లలతో కలిసి ఆడచ్చు, లేదా ఆడపిల్లల అసోసియేషన్లు వేరే ఉంటాయి, వాటిలో చేరచ్చు. మహిళల మొదటి ప్రపంచ చాంపియన్‌షిప్ 1990లో ఆటవాలో జరిగింది, ఒలింపిక్స్‌లో 1998 నుంచి ఉంది, 2024 జనవరి 1న పీడబ్ల్యూహెచ్ఎల్ అని మహిళల ప్రొఫెషనల్ లీగ్ కూడా మొదలైంది. మా మనవరాలి గదిలో టొరంటో సెప్టర్స్ టీము బొమ్మ ఉంది. ఎనిమిదేళ్ళ పిల్లకి 'పెద్దయ్యాక ఇది నా పని' అని చూపించడానికి ఆడవాళ్ళ టీము ఉండటం చిన్న విషయం కాదు. డ్రెస్సింగ్ రూముల్లో కూడా పద్ధతిగా ఉంటారు, పిల్లలు లోపలి థర్మల్ బట్టలు వేసుకునే రావాలి, లోపల పిల్లలతో పెద్దవాళ్ళు ఒక్కరే ఎప్పుడూ ఉండకూడదు, ఇద్దరు ఉండాలి. 2022లో హాకీ కెనడా పెద్ద వివాదంలో పడిన సంగతి కూడా తల్లిదండ్రులు తెలుసుకోవాలి. పిల్లల రిజిస్ట్రేషన్ డబ్బులు కలిసిన నిధి నుంచి లైంగిక దాడి ఫిర్యాదులకి పరిహారాలు కట్టారని బయటపడి, పార్లమెంటు కమిటీ విచారణ జరిగి, చివరికి బోర్డు మొత్తం తప్పుకుంది. అందుకే నియమాలు ఉన్నాయి కదా అని ఊరుకోకుండా అడిగి తెలుసుకోండి, అడిగితే అక్కడ ఎవరూ ఏమీ అనుకోరు.

దెబ్బల గురించి. ఒంటితో గుద్దడం, బాడీ చెకింగ్ అంటారు, చిన్న వయసు పిల్లలకి లేదు. 2013లో హాకీ కెనడా పన్నెండేళ్ళ దాకా తీసేసింది. పడితే తగిలే దెబ్బలు ఆ సామాను లోపల పెద్దగా తెలియవు. అసలు భయపడాల్సింది తలకి. ఒంటారియోలో రోవాన్స్ లా అని ఒక చట్టం ఉంది. ఆటవా దగ్గర రోవాన్ స్ట్రింగర్ అనే పదిహేడేళ్ళ అమ్మాయి రగ్బీ ఆడుతూ తలకి దెబ్బ తగిలి, అది తగ్గకముందే మళ్ళీ ఆడి, మళ్ళీ తగిలి 2013లో చనిపోయింది. ఆ పిల్ల పేరు మీద 2018లో చట్టం చేశారు. ఆటలో పేరు నమోదు చేసే ముందు తలదెబ్బ లక్షణాల కాగితం తల్లిదండ్రులూ పిల్లలూ చదివి ఒప్పుకోవాలి. అనుమానం వస్తే వెంటనే ఆటలోంచి తీసెయ్యాలి, డాక్టరు సరేనన్నాకే మెల్లమెల్లగా మళ్ళీ తేవాలి. ఆ కాగితం నేను మళ్ళీ మళ్ళీ చదివాను. కబడ్డీలో తల తగిలి కళ్ళు తిరుగుతున్నాయన్న పిల్లకి నీళ్ళు కొట్టి మళ్ళీ కోర్టులోకి పంపడం మన దగ్గర మామూలు. నా తోటి పీఈటీలందరూ ఆ ఒక్క కాగితం చదవాలని నా కోరిక, దానికి పైసా ఖర్చు లేదు.

ఇప్పుడు ఒక మార్కు ఎందుకు తగ్గించానో. టైములు చాలా కష్టం. శనివారం పొద్దున ఏడింటికి ప్రాక్టీసు, బయట సున్నా కన్నా పదిహేను డిగ్రీలు తక్కువ, ముందురోజు రాత్రి ఫోన్‌లో మెసేజ్ వస్తుంది, రేపటి టైము మారింది అని. కూర్చునే బెంచీలు ఇనుపవి, పైన హీటర్లు బటన్ నొక్కితే కొద్దిసేపే వెలుగుతాయి. క్యాంటీన్‌లో వేపుడు బంగాళాదుంపలు, హాట్ డాగ్ తప్ప తినడానికి ఏమీ ఉండదు, ఇంటి నుంచి ఫ్లాస్కులో టీ, డబ్బాలో ఉప్మా పట్టుకుపోవడం మంచిది. రిజిస్ట్రేషన్ అప్పుడు అసోసియేషన్ వాళ్ళు మెయిల్స్‌కి జవాబే ఇవ్వలేదు, మా అల్లుడు సెలవు పెట్టుకుని పోయి నిలబడితేగానీ పిల్ల పేరు ఏ గ్రూపులో ఉందో తెలియలేదు. కొత్తగా వచ్చినవాళ్ళకి ఆ పదాలూ ఆ ఫారాలూ అర్థం కావు, కూర్చోబెట్టి చెప్పే మనిషి ఒకరు ఉండాలి.

తల్లిదండ్రుల అరుపులు ఇంకో బాధ. రిఫరీలుగా హైస్కూలు పిల్లలే ఉంటారు, పద్దెనిమిదేళ్ళ లోపు వాళ్ళు చేతికి ఆకుపచ్చ పట్టీ కట్టుకుంటారు, వీళ్ళు కూడా నేర్చుకుంటున్న పిల్లలే అని గుర్తు చెయ్యడానికి. ఒకసారి ఒక తండ్రి అట్లాంటి పిల్లాడి మీద గొంతు చించుకుని అరిచాడు. క్లబ్ మనిషి ఒకామె వచ్చి, గొంతు పెంచకుండానే ఆయన్ని బయటికి తీసుకెళ్ళింది, ఆట అయ్యేదాకా లోపలికి రానివ్వలేదు. అరిచినందుకు ఒక మార్కు తీసేస్తే, ఆమె చేసిన పనికి రెండు మార్కులు ఇవ్వాలనిపించింది.

రెప్ టీముల సంగతి. హౌస్ లీగ్‌కి సీజను ఫీజు వందల డాలర్లలో ఉంటే రెప్‌కి వేలల్లో పోతుంది, పైన టోర్నమెంట్లకి హోటళ్ళు, పెట్రోలు, ఎండాకాలం క్యాంపులు. కందుకూరు వాళ్ళ కుటుంబం ఒకటి అక్కడ పరిచయమైంది, వాళ్ళ అబ్బాయిని తొమ్మిదేళ్ళకే రెప్‌లో వేశారు. వారాంతాలన్నీ కారులోనే, తెలుగు క్లాసు మానేశాడు, స్నేహితుల పుట్టినరోజులు మానేశాడు, రెండో ఏడు సీజను మధ్యలో "నాన్నా, నాకు ఇంక వద్దు" అని ఏడ్చాడట. పిల్లాడిలో ఆట లేక కాదు, బాగా ఆడతాడు, నేను చూశాను. పదకొండు పన్నెండేళ్ళు వచ్చి పిల్ల తానే అడిగినప్పుడు ఆలోచించండి.

బెంచీల మీద నాకు మంచి తోడు దొరికింది, పంజాబీ బామ్మలు. టీవీలో హాకీ నైట్ ఇన్ కెనడా మ్యాచ్‌లు 2008లోనే పంజాబీ వ్యాఖ్యానంతో మొదలయ్యాయి కాబట్టి వాళ్ళకి ఆఫ్‌సైడ్, ఐసింగ్ లాంటి రూల్సన్నీ తెలుసు, నాకు వచ్చీరాని హిందీలో వాళ్ళే నేర్పించారు. తెలుగువాళ్ళు మాత్రం తక్కువ. క్రికెట్, షటిల్ దగ్గర కనిపించినంతగా ఇక్కడ కనిపించరు, రావాలి.

మన వైపు ఊళ్ళ గురించి చెప్పకుండా ఉండలేను. మనకి మంచు అక్కర్లేదు. ఉదయగిరిలో, కనిగిరిలో, పొదలకూరులో హైస్కూలు గ్రౌండే ఊరి స్టేడియం, అది చాలు. కానీ ఆ గ్రౌండు సాయంత్రం ఎవరికి తెరుస్తారో ఎక్కడా రాసి ఉండదు. ఒకచోట సెలక్షన్ రోజున తాళం ఉన్న మనిషి రాక మా ఆడపిల్లలు ఎండలో గేటు బయటే గంటల తరబడి కూర్చున్నారు, లోపల ఎగ్జిబిషన్ వాళ్ళ గుంజల గుంటలు పూడ్చలేదు. పక్కన చిత్తూరు జిల్లా పల్లెలో పుట్టిన రజని గోల్‌కీపరై టోక్యో ఒలింపిక్స్ జట్టు దాకా పోయింది, అట్లాంటి పిల్లలు మన దగ్గరా ఉన్నారు, నా చేతుల మీదుగా పోయినవాళ్ళే ఉన్నారు. గేటు మీద టైము టేబులు రాసి పెట్టడం, గ్రౌండుని ముక్కలు చేసి అందరినీ ఒకేసారి ఆడించడం, పదేళ్ళ లోపు పిల్లలకి సమానంగా వంతులివ్వడం, ఇవి కెనడా డబ్బుతో జరిగే పనులు కావు. జీవో కోసం చూడకుండా ఏ హెడ్మాస్టరైనా ఈ సోమవారం నుంచి చెయ్యచ్చు.

మా వియ్యపురాలు ఒంగోలు నుంచి ఈ అక్టోబరులో అక్కడికి పోతోంది. చిన్న మనవడికి నాలుగేళ్ళు, వాణ్ణి కూడా హాకీలో వేద్దామని ఆమె ముచ్చట. "వదినా, పోగానే చేర్పిద్దామా?" అంది. రిజిస్ట్రేషన్లు ఏప్రిల్, మే నెలల్లోనే తెరుస్తారు వదినా, అక్టోబరులో అడిగితే వెయిటింగ్ లిస్టే అని చెప్పాను. ఈ చలికాలం వారాంతం స్కేటింగ్‌కి తీసుకెళ్ళి పడటం, లేవటం నేర్పిస్తే చాలు, హెల్మెట్ లేకుండా మంచు మీద అడుగు పెట్టనివ్వద్దు. ఊలు మేజోళ్ళు రెండు జతలు, కింద వేసుకోవడానికి మందపాటి దిండు పట్టుకుపొమ్మన్నాను. పై వరసలో హీటర్ కింద చోటు కావాలంటే పావుగంట ముందే పోవాలి, పంజాబీ బామ్మలు అప్పటికే వచ్చేసి ఉంటారు.